తాతల కాలం నాటి రంగు

ఏదైనా కాస్త పాతది అని చెప్పాలంటే చిట్కుల్ యాదగిరి నోట్లో ఒకే ఒక్క కొలత ఉంది: తాతల కాలం. మొన్నీమధ్య కొన్న మోటారు సైకిలు మొరాయిస్తే "తాతల కాలం నాటి బండి గదా" అంటాడు. ఇస్నాపూర్ చౌరస్తాలో కొత్తగా తెరిచిన బిర్యానీ సెంటర్ సంగతి అడిగితే "అబ్బో, తాతల కాలం నుంచి ఉన్నది, మస్తుంటది" అంటాడు. ఆయన గదుల్లో కిరాయికి ఉండే ఒడిశా వాళ్ళు బాత్రూం గొళ్ళెం ఊడిందని నిన్న చెబితే, ఇవాళ వాళ్ళ మీదే విసుక్కుంటాడు: "తాతల కాలం నుంచి చెప్తనే ఉన్నరు, చేపిస్త తియ్యి!" ఆ మాటకు అర్థం ఏమిటో చిట్కుల్‌లో అందరికీ తెలుసు. నిన్నటి నుంచి మొదలుపెట్టి ఎప్పటినుంచైనా కావొచ్చు. ఊళ్ళో ఎవరూ దాన్ని పట్టించుకోరు. పట్టించుకునేవాళ్ళు బయటి నుంచి వస్తారనీ, దాన్ని నున్నటి కాగితం మీద అచ్చు వేస్తారనీ పాపం యాదగిరికి ఏం తెలుసు?

యాదగిరికి ఊరి చివర ఒక మడి ఉంది. మడి అని ఆయన ఇంకా అంటున్నాడు గానీ అందులో వరి పండటం ఎప్పుడో మానేసింది. ఒకవైపు ఆయన కట్టించిన రేకుల గదుల వరుస, ఇంకోవైపు రంగుల కంపెనీ ప్రహరీ గోడ. ఆ గోడ అడుగున ఒక సిమెంటు గొట్టం మూతి బయటికి పొడుచుకొని ఉంటుంది. అది వాననీళ్ళ గొట్టమని కంపెనీ అంటుంది. నిజమే, వాన పడ్డప్పుడే పారుతుంది. కాకపోతే ఆకాశం నుంచి తేటగా పడే నీళ్ళు, గొట్టంలోంచి వచ్చేసరికి వంగపండు రంగుకు ఎలా తిరుగుతాయో మాత్రం కంపెనీ ఎన్నడూ చెప్పలేదు. ఆ నీళ్ళు ఇంకీ ఇంకీ నల్లమన్ను మడి కాస్తా ఊదారంగు అయిపోయింది. అందులో కాలు పెడితే మోకాళ్ళ దాకా దురద. యాదగిరి భార్య ముత్యమ్మ ఆ పక్కకు పోయి వచ్చిన ప్రతిసారీ కాళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటూ కంపెనీ వాళ్ళ తరాలన్నిటినీ వరసబెట్టి తలుచుకుంటుంది.

యాదగిరి కోరిక పెద్దదేమీ కాదు. గొట్టం మూయాలి. పాడైన మన్ను కంపెనీ వాళ్ళే ఎత్తిపోసి మంచి మన్ను తెచ్చి వేయాలి. తన మడిలో తాను మళ్ళీ నాట్లు వేసుకోవాలి. రేకుల గదుల ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని, వచ్చేపోయే కంపెనీ బస్సులను చూస్తూ కూర్చునే బతుకు ఆయనకు మొహం మొత్తింది. అర్జీ పట్టుకొని ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. "చూద్దాం" అన్నవాళ్ళే గానీ చూసినవాళ్ళు లేరు. కొందరైతే కూర్చోమని కూడా అనలేదు. ఆ అవమానం ఆయన కడుపులో అలాగే ఉండిపోయింది.

అలాంటి రోజుల్లో స్నిగ్ధ వచ్చింది.

స్నిగ్ధది వెలిమెల దగ్గర గేటున్న కాలనీలో విల్లా. ఒకప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఉండేది. బజారులో ట్యూబుల్లో దొరికేవన్నీ చచ్చిన రంగులని ఒకరోజు కనిపెట్టి, ఉద్యోగం మానేసి, మన్నుతో రంగులు చేసి బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. తప్పేమీ లేదు, మంచి పనే. మనుషులు గుహల్లో ఉన్ననాడు కూడా ఆ పనే చేశారు. కాకపోతే వాళ్ళు దానికి ముందు కళ్ళు మూసుకొని భూమితో మాట్లాడేవాళ్ళు కారు. స్నిగ్ధ మాట్లాడేది. కారు డిక్కీ నిండా స్టీలు డబ్బాలు పెట్టుకొని, సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా రోడ్డు పక్కన ఎక్కడ రంగు మన్ను కనిపిస్తే అక్కడ ఆగి, భూమిని అనుమతి అడిగి, భూమి ఊరుకుంటే ఒప్పుకున్నట్టు లెక్కవేసి, తవ్వుకొని పోయేది.

యాదగిరి మడి ముందు కారు కీచుమని ఆగింది. స్నిగ్ధ దిగి, మడిని చూసి, రెండు చేతులూ జోడించింది. వెనకాల ఎవరైనా పెద్దమనిషి వస్తున్నాడేమోనని యాదగిరి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. ఆ దండం తన మడికే.

"ఇలాంటి ఊదా మన్ను నేను పుస్తకాల్లో చదవడమే గానీ కళ్ళతో చూడలేదు" అంది స్నిగ్ధ. ఆమె కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. "ఈ పొలం మీదేనా అండీ? ఈ రంగు ఎప్పటి నుంచి ఉంది?"

ఇదిగో, ఇక్కడే కొంప మునిగింది. అర్జీ సంగతి, గొట్టం సంగతి, దురద సంగతి అన్నీ చెప్పాలనే యాదగిరి నోరు తెరిచాడు. కానీ ఇన్నేళ్ళుగా ఒక్కరూ మొహం పెట్టి చూడని తన మడికి ఒక చదువుకున్న మనిషి దండం పెట్టింది. తనను 'అండీ' అంది. ఆయన ఛాతీ రెండంగుళాలు పొంగింది. పొంగిన ఛాతీలోంచి అలవాటైన మాట దానంతటదే బయటపడింది.

"ఇగ తాతల కాలం నుంచి గిట్లనే ఉన్నది మేడమ్!"

"తాతల కాలం..." అని స్నిగ్ధ ఆ మాటను నోట్లో చప్పరించి, ఫోన్‌లో రాసుకుంది.

ఆమె మన్ను ఎత్తుతుంటే మాత్రం యాదగిరికి మనసొప్పలేదు. "చేతులు గోకుతయ్ మేడమ్, జెర పైలం" అన్నాడు.

"గోకుతాయా?" స్నిగ్ధ మొహం వెలిగిపోయింది. "అంటే ఈ మన్ను ఇంకా బతికే ఉంది!" అంటూ రబ్బరు గ్లవుజులు తొడుక్కుంది.

ఆ తర్వాత యాదగిరిని వెలిమెలకు పిలిచింది. కారు పంపించి మరీ పిలిచింది. ముత్యమ్మ కూడా తోడు వెళ్ళింది, మనిషిని ఒక్కడినే పంపితే ఏం వాగి వస్తాడోనన్న భయంతో. స్టూడియోలో కొంతమంది చాపల మీద కూర్చొని రంగులు చేయడం నేర్చుకుంటున్నారు. మన్నును దంచి, రాళ్ళూ వేళ్ళూ ఏరేసి, నీళ్ళలో కలిపి బాగా గిలకొడతారు. ఇసక ముందు అడుగుకు పోతుంది. పైన తేలే రంగునీళ్ళను వేరే గిన్నెలోకి వంచి కదపకుండా ఉంచితే, రంగు మెల్లగా అడుగున పేరుకొని నీళ్ళు తేటపడతాయి. ఆ నీళ్ళు పారబోసి, మిగిలిన ముద్దను గుడ్డ మీద ఆరబెట్టి, రాతి మీద మెత్తగా నూరి, తుమ్మబంకతో కలిపితే బొమ్మకు రంగు తయారు. ముత్యమ్మకు ఇదంతా చూసి నవ్వొచ్చింది. పెళ్ళి కాకముందు గోడలకు జాజు పూయడానికి వాళ్ళమ్మ చేయించిన చాకిరీ ఇదే. ఇక్కడ దీనికోసం జనం ఫీజు కట్టి మరీ వస్తున్నారు.

చివరలో స్నిగ్ధ పసుపు మన్నును ఇనప పెనం మీద వేసి వేయించింది. చూస్తూ చూస్తుండగానే పసుపు కాస్తా ఇటుక ఎరుపుకు తిరిగింది. చాపల మీది వాళ్ళు చప్పట్లు కొట్టారు.

"గుర్తు పెట్టుకోండి" అంది స్నిగ్ధ వేలెత్తి. "భూమి రంగుకు నిప్పంటే భయం లేదు. మంటలో మారుతుందేమో గానీ చావదు. మంటలో మాడి మసయ్యేది భూమి రంగు కాదు, ఫ్యాక్టరీ రంగు. అసలుకీ నకిలీకీ ఇదే పరీక్ష."

"మరి మా మన్నును గిట్ల ఏంచిన్రా మేడమ్?" అంది ముత్యమ్మ.

"అయ్యో, అంత అందమైన రంగును కాల్చడానికి నాకు మనసెలా వస్తుంది ముత్యమ్మ గారూ!"

ఆ అందమైన రంగు పక్కనే గాజు సీసాలో ఉంది. మిగతా గిన్నెల్లో నీళ్ళన్నీ తేటపడ్డాయి గానీ యాదగిరి మన్ను కలిపిన నీళ్ళు మాత్రం ఎంతసేపు ఉంచినా ఊదాగానే ఉండిపోయాయి. రంగు అడుగుకు దిగనంటుంది. ఇంకెవరైనా అయితే ఇదేదో తేడాగా ఉందే అనుకునేవాళ్ళు. స్నిగ్ధ దానికి కూడా ఒక వాక్యం రాసిపెట్టుకుంది: 'ఈ మన్నుకు నీటితో విడదీయరాని అనుబంధం.' సీసా మీద పేరు కూడా అతికించింది. యాదగిరి పర్పుల్.

తన పేరు గాజు సీసా మీద చూసుకున్న యాదగిరి ఆ సాయంత్రమంతా నేల మీద నడవలేదు. "సూసినవా, రంగుకు నా పేరు వెట్టిండ్రు" అన్నాడు కారులో.

"వెట్టిండ్రు. కంపెనీ గలీజుకు నీ పేరు వెట్టిండ్రు" అంది ముత్యమ్మ. "గది గొట్టంలకెళ్ళి వచ్చిందని ఆమెకెందుకు చెప్పవు?"

"చెప్త తియ్యి. మంచి మర్యాద గల్ల మనిషి. జెర నిమ్మళంగ చెప్త."

ఆ నిమ్మళం ఎంతకీ రాలేదు. హైదరాబాదులో పెద్ద హాల్లో బొమ్మల ప్రదర్శన పెట్టారు. గోడ నిండా ఊదా ఊదాగా బొమ్మలు. ఏ బొమ్మలోనూ యాదగిరికి ఒక మనిషి గానీ బర్రె గానీ కనిపించలేదు. కానీ గుమ్మం దగ్గరే తలపాగా చుట్టిన తన ఫొటో నిలువెత్తున ఉంది. ఆయన జన్మలో తలపాగా చుట్టలేదు, అది స్నిగ్ధ కట్టించింది. నున్నటి కాగితాల పుస్తకం వేశారు. అందులో ఫొటో కింద పెద్ద అక్షరాల్లో ఇలా ఉంది: 'మా తాతల కాలం నుంచీ ఈ భూమి రంగు ఇదే. — యాదగిరి, మృత్తికా వారసుడు.' యాదగిరి ఆ పుస్తకం ఒకటి తెచ్చి, రేకుల గదుల్లో ఉన్న ఒడిశా వాళ్ళకూ బిహారు వాళ్ళకూ చూపించాడు. వాళ్ళకు తెలుగు రాదు కాబట్టి తానే చదివి, హిందీలో వివరించి, మళ్ళీ చదివాడు.

ప్రదర్శనలో ఒక పెద్ద బొమ్మను మన రంగుల కంపెనీయే కొనుక్కుంది. మేనేజరు చంద్రకాంత్ దాన్ని రిసెప్షన్‌లో గోడకు వేలాడదీయించాడు. బొమ్మతోపాటు పుస్తకం కూడా ఊరికే ఇచ్చారు. చంద్రకాంత్ బొమ్మను ఎంత చూశాడో తెలియదు గానీ పుస్తకాన్ని మాత్రం శ్రద్ధగా చదివాడు.

ఎండాకాలంలో, ఎవరూ అనుకోని వేళ, యాదగిరి అర్జీ కదిలింది. కాలుష్యం సంగతి చూసే ఆఫీసరు మడి చూడటానికి వస్తున్నాడని కబురు. యాదగిరి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. రేకుల గదుల ముందు షామియానా వేయించి, కూల్‌డ్రింకులు తెప్పించాడు. ఆఫీసరు వచ్చాడు, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకొని మడి గట్టు మీద నిలబడ్డాడు. గొట్టం వైపు చూశాడు. గొట్టం ఎండిపోయి, కడిగి తుడిచినట్టు ఉంది. లోపల ఒక పిచ్చుక గూడు కూడా కట్టింది.

"వాననీళ్ళ గొట్టం సార్" అన్నాడు చంద్రకాంత్ వినయంగా. "ఇక మన్ను సంగతంటారా, అది మాది కాదు సార్. ఆయన తాతలది. ఆయనే చెప్పారు." అంటూ పుస్తకం తెరిచి ఆఫీసరు చేతిలో పెట్టాడు.

ఆఫీసరు ఫొటోనూ యాదగిరినీ మార్చి మార్చి చూశాడు. "తలపాగా ఏదీ?"

"అది... నాది గాదు సార్."

"మాట?"

"మాట నాదే సార్. గని గది ఉత్తగ అనే మాట సార్! మేం అన్నిటికీ గట్లనే అంటం. తాతల కాలమంటే తాతల కాలమని కాదు."

"మరేమిటి?"

"అంటే... చాన్నాళ్ళ సంది అన్నట్టు."

"చూశారా సార్, చాన్నాళ్ళ నుంచట" అన్నాడు చంద్రకాంత్.

"గీ నోటికి తాళమెయ్య!" అంటూ ముత్యమ్మ తల కొట్టుకుంది. యాదగిరికి ఉన్నట్టుండి వెలిమెల పెనం గుర్తొచ్చింది. ఇంట్లోకి ఉరికి, రొట్టెల పెనం తెచ్చి, మూడు రాళ్ళు పెట్టి మంట వేసి, మడిలోంచి గుప్పెడు మన్ను తెచ్చి దాని మీద పోశాడు. కాసేపటికి ఘాటైన పొగ లేచింది. ఊదారంగు మాడి మసి అయిపోయింది. కంపు భరించలేక ఆఫీసరు గట్టు దిగి వెనక్కు నడిచాడు.

"సూసిన్రా సార్? భూమి రంగైతే మంటల చావదు. గిది ఫ్యాక్టరీ రంగు. గీ ముచ్చట నేను చెప్తలేను, మా మేడమ్ చెప్పింది!"

మేడమ్ అక్కడే ఉంది. చంద్రకాంత్ ముందే పిలిపించి పెట్టాడు. "చెప్పండి మేడమ్, మీరు నిపుణులు. మంటలో మాడితే అది భూమి రంగు కాదా?" అన్నాడు ఆఫీసరు.

స్నిగ్ధ పెనం వైపు చూసింది. ఆమెకు తెలిసిపోయింది. ఆ మాటకొస్తే నీళ్ళు తేటపడని రోజే ఆమెకు లోలోపల తెలుసు. కానీ వచ్చే నెలలో బొమ్మలు ఢిల్లీ పోతున్నాయి. యాదగిరి పర్పుల్ లేకపోతే ఆమె విల్లాలో కూర్చొని మన్ను పిసికే వందమందిలో ఒకతె. యాదగిరి ఆమె మొహంలోకే చూస్తున్నాడు, ఇంట్లో మనిషి సాక్ష్యం చెప్పబోతోందన్న ధీమాతో.

"కొన్ని ప్రాచీన మృత్తికల్లో సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉంటుంది" అంది స్నిగ్ధ, యాదగిరి వైపు చూడకుండా. "అలాంటివి మంటలో నల్లబడతాయి. అది వాటి ప్రాచీనతకు గుర్తు."

ఆఫీసరు రాసుకున్నాడు. కూల్‌డ్రింకు తాగి వెళ్ళిపోయాడు. యాదగిరి ఆ పెనం ముందే చతికిలబడ్డాడు. తన మడికి మొదటి దండం పెట్టిన చేతులే తన నోట్లో మట్టి కొట్టాయని ఆయనకు అప్పటికి గానీ అర్థం కాలేదు.

ఉత్తర్వు జల్దీగానే వచ్చింది, ఇలాంటివి ఆలస్యం కావు. ఆ భూమి రంగు సహజమైనదనీ, అరుదైనదనీ, అధ్యయనం ముగిసేదాకా ఎవరూ దున్నకూడదనీ, తవ్వకూడదనీ, మన్ను మార్చకూడదనీ దాని సారాంశం. మన్ను మార్చమని అడిగినవాడికి మన్ను ముట్టుకోవద్దని జవాబు. కంపెనీ పెద్దమనసు చేసుకొని చుట్టూ ఇనప కంచె వేయించింది, గేటు పెట్టించింది, తాళం వేసింది. తాళంచెవి కంపెనీ వాచ్‌మన్ దగ్గర. గేటు మీద బోర్డు: 'యాదగిరి వారసత్వ వర్ణ భూమి. లోపలికి ప్రవేశం లేదు.'

"పేరు మస్తు పెద్దగ రాసిండ్రు" అంది ముత్యమ్మ. "సదువుకో. తాతల కాలం దాంక నిలవడి సదువుకో."

యాదగిరి కంచె పట్టుకొని నిలబడ్డాడు. ఆయనకు ఏడుపొచ్చింది. సొంత మడి, సొంత పేరు, మధ్యలో ఇనప జాలి. ఇన్నాళ్ళూ మన్ను పాడైందని బాధపడ్డాడు. ఇప్పుడు ఆ పాడు మన్ను కూడా తనది కాకుండా పోయింది.

వానాకాలం మొదట్లో బోర్డు ఆవిష్కరణ పెట్టుకున్నారు. మడి మధ్యలో టెంటు వేసి, స్టేజీ కట్టి, లౌడ్‌స్పీకర్లు పెట్టారు. ఆఫీసరు తెల్ల ప్యాంటులో వచ్చాడు. చంద్రకాంత్ తెల్ల బూట్లతో వచ్చాడు. స్నిగ్ధ తెల్లటి చేనేత చీరలో వచ్చింది. ఊదా నేల మీద తెలుపు ఫొటోల్లో బాగా పడుతుందని ఆమే అందరికీ చెప్పిందట. రుద్రారం వైపు హాస్టళ్ళ నుంచి స్టూడెంట్లు బస్సులో దిగి, ఫోన్లు పైకెత్తుకొని తిరుగుతున్నారు. బర్రెలు లోపలికి రాకుండా వాచ్‌మన్ గేటుకు తాళం వేసి, చాయ్ తాగడానికి పోయాడు. యాదగిరికి ఎర్ర తలపాగా చుట్టి స్టేజీ మీద కూర్చోబెట్టారు. ముత్యమ్మ రానంటే రానంది గానీ చివరికి రబ్బరు బూట్లు వేసుకొని వచ్చింది. చూసినవాళ్ళు నవ్వారు.

స్నిగ్ధ మాట్లాడింది. ఆఫీసరు మాట్లాడాడు. చంద్రకాంత్ మాట్లాడుతుండగా మబ్బు కమ్మి, ఒక్కసారిగా వాన దంచికొట్టింది. చంద్రకాంత్ ప్రసంగం ఆపి స్టేజీ దిగాడు, అందరూ టెంటు కిందికి జరిగారు.

ఇప్పుడు కంపెనీ లోపలి సంగతి ఒకటి చెప్పాలి. అక్కడ షిఫ్టులో ఉండే ఆపరేటరుకు ఒకటే ఆజ్ఞ: వాన పడితే వెనక వాల్వు తిప్పు. ఎండాకాలం మొత్తం తొట్లలో నిండిన గలీజు వాన మాటున పోవాలి. ఇవాళ గోడ అవతల ఫంక్షన్ ఉందనీ, మేనేజరు సారే అక్కడ ఉన్నాడనీ ఆ ఆపరేటరుకు ఎవరూ చెప్పలేదు. మంచి పనిమంతుడు. వాన పడింది, వాల్వు తిప్పాడు.

గొట్టం ముందు గురగురమంది. పిచ్చుక గూడు ఎగిరిపడింది. వెనకాలే నురగలు కక్కుకుంటూ వంగపండు రంగు నీళ్ళు మడిలోకి దూకాయి. ముందు వరుస కుర్చీల కిందికి వచ్చాయి. తెల్ల బూట్లు ఊదా అయ్యాయి. తెల్ల ప్యాంటు కింద నుంచి ఊదా అవుతూ పైకి పాకింది. స్నిగ్ధ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది, అయినా లాభం లేదు. జనం గేటు దగ్గరికి పరిగెత్తారు. గేటుకు తాళం ఉంది. తాళంచెవి ఉన్న వాచ్‌మన్ వాన తగ్గేదాకా చాయ్ హోటల్ నుంచి కదిలేలా లేడు.

"కంగారు పడకండి!" అన్నాడు చంద్రకాంత్. "సహజమైన రంగు. మన్ను తడిసింది, అంతే!"

సరిగ్గా అప్పుడే స్టేజీ మీద ఎవడో, ఏం చేయాలో తోచక, "ఇప్పుడు యాదగిరి గారు రెండు మాటలు..." అంటూ మైకు యాదగిరి చేతిలో పెట్టాడు.

యాదగిరి మైకు పట్టుకొని గొట్టం వైపు చూశాడు. చాలా రోజుల తర్వాత ఆయనకు మాట సరిగ్గా దొరికింది.

"నేను తాతల కాలం నుంచి అన్న. నా తప్పే, అన్న. మా అసలు తాత పేరు కొమురయ్య. ఆయన ఈ మడిల వరి పండిచ్చిండు, మన్ను నల్లగ ఉండె. మీరు పుస్తకంల రాసుకున్న తాత ఏరే. అగో, గోడలకెళ్ళి వస్తుండు. మీ బూట్ల కాడికి వచ్చిండు. దండం వెట్టుకోండ్రి."

స్టూడెంట్లు ఘొల్లుమన్నారు. ఫోన్లన్నీ గొట్టం వైపు తిరిగాయి. చంద్రకాంత్‌కు చెమటలు పట్టాయో వాన నీళ్ళో తెలియలేదు. స్టేజీ ఎక్కి, యాదగిరికి వీపు తిప్పి, ఫోన్ తీశాడు. యాదగిరి ఒక్క అడుగు ముందుకు వేసి, మైకును మెల్లగా ఆయన చెవి పక్కకు జరిపాడు.

"అరే గధే! వాల్వ్ బంద్ కరో! మై ఇధర్ ఖడా హూఁ! పూరా ట్యాంక్ ఛోడ్ దియా క్యా? బంద్ కరో జల్దీ!"

ట్యాంకంతా వదిలేశావా, వాల్వు మూయి గాడిదా అన్న ఆ మాటలు లౌడ్‌స్పీకర్లలోంచి చిట్కుల్ దాటి ఇస్నాపూర్ రోడ్డు దాకా వినిపించాయి. ఈసారి నోరు జారింది యాదగిరి కాదు. కాసేపటికి గొట్టం దగ్గి, చుక్కలు కార్చి, ఆగిపోయింది. సహజమైన రంగు, వాన ఇంకా పడుతుండగానే, ఫోన్ చేయగానే ఆగిపోయింది. అందరూ చూశారు.

ఆఫీసరు స్నిగ్ధ వైపు తిరిగాడు. "మేడమ్, ఇది సేంద్రియ పదార్థమేనా?"

స్నిగ్ధ ఒక కాలితో ఇంకో కాలు రుద్దుకుంటోంది. ఆఫీసరు కూడా వంగి పిక్క గోక్కున్నాడు. మళ్ళీ గోక్కున్నాడు. "ఏమిటండీ ఈ మంట?" అన్నాడు. చంద్రకాంత్ బూట్లు విప్పేసి రెండు చేతులతో గోక్కుంటున్నాడు. స్టేజీ నిండా పెద్దమనుషులు, ఒక్కరి చేతులూ ఊరికే లేవు. రబ్బరు బూట్లలో నిమ్మళంగా నిలబడ్డ ముత్యమ్మ కొంగులోంచి కొబ్బరినూనె సీసా తీసింది. ఈ రోజు పనికొస్తుందని వచ్చేటప్పుడే తెచ్చుకుంది.

"రాసుకోండ్రి సార్" అంది. "మన్ను బతికే ఉన్నదట గదా, గందుకే గోకుతది."

ఇన్నేళ్ళూ ఎన్ని అర్జీలు పెట్టినా కదలని ఫైలు ఆ సాయంత్రం ఒక్క దురదకు కదిలింది. నమూనా కోసం మన్ను తవ్వాల్సిన పని కూడా లేకపోయింది, వాచ్‌మన్ వచ్చి గేటు తీయగానే ఆఫీసరు రేకుల గదుల దగ్గర తన ప్యాంటే విప్పి సంచీలో వేసి సీలు కొట్టించాడు. యాదగిరి దగ్గర లుంగీ అడిగి కట్టుకొని, కొబ్బరినూనె కారుతున్న కాళ్ళతో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని, కొత్తగా వాంగ్మూలం రాయడం మొదలుపెట్టాడు. యాదగిరిని కూడా కూర్చోమన్నాడు. చేతులు జోడించి అడిగినట్టే అడిగాడు.

"చెప్పండి యాదగిరి గారూ. ఈ కాలుష్యం ఎప్పటి నుంచి ఉంది?"

'గారూ' అన్నాడు. యాదగిరి ఛాతీ రెండంగుళాలు పొంగింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఇగ సార్, తా..."

ముత్యమ్మ రబ్బరు బూటుతో ఆయన కాలి మీద గట్టిగా తొక్కింది. యాదగిరి ఆ మాటను గుటక వేసి మింగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కంపెనీ వచ్చినప్పటి నుంచి సార్" అన్నాడు. "గంతే రాయండ్రి. ఇంకొక్క ముక్క గూడ రాయకుండ్రి."